నాకే ఉండాది, బిడ్డకు లేదు

ముప్పై ఏళ్లకు పైబడిన ఉద్యోగంలో వేల గడపల ముందు నిలబడి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇంట్లో ఎవరికైనా జ్వరముందా?" పెళ్లిచూపుల్లో కూడా నేను అదే అడిగానని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. అడగలేదు గానీ, అడిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. డెబ్బైలలో మలేరియా వర్కరంటే ఆ ప్రశ్న, ఒక ఖాకీ సంచి, ఒక పాత సైకిలు. అంతకు మించి ఏమీ లేదు.

ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "మీ సర్వీసులో పెద్ద కేసు ఏది సార్?" అని అడుగుతారు. ఊళ్లు ఊళ్లే మంచం పట్టిన సంగతి ఏదో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం దోమ కుట్టకుండా, క్రిమి చేరకుండా వచ్చిన జ్వరం గురించి. ఒకే ఒక్క మనిషి జ్వరం. అది ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. తెలిసిన రోజు మనిషి ఒళ్లు చేసే పని చూసి నాకు కలిగిన ఆశ్చర్యం ఈ వయసులోనూ తగ్గలేదు.

అప్పుడు నా పోస్టింగు పుంగనూరు దగ్గర ఒక ప్రైమరీ హెల్త్ సెంటరులో. సదుం వైపు పల్లెలు కొన్ని నా బీటు. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లాలి, అదీ ముందుగా చెప్పిన రోజునే. ప్రతి ఇంటి ముందుగోడ మీదా ఎర్ర జాజుతో గళ్ల పట్టీ గీసి ఉండేది. వెళ్లిన తేదీ, సంతకం ఆ గళ్లలో పెట్టాలి. మా ఇన్‌స్పెక్టరు వెనకాలే వచ్చి మనుషుల్ని చూసినా చూడకపోయినా గోడను మాత్రం చూసి పోయేవాడు. జ్వరం ఉందన్నవాళ్ల వేలు సూదితో గుచ్చి, గాజు స్లైడు మీద రక్తపు చుక్క పరిచి, నాలుగు చేదు బిళ్లలు మింగించి, స్లైడును ల్యాబుకు పంపాలి. నెలకు ఇన్ని స్లైడులు రావాలని ఒక లెక్క ఉండేది. తగ్గితే మీటింగులో నిలబెట్టి అడిగేవాళ్లు. అందువల్ల జ్వరం లేని ఊరంటే మాకు దిగులు. నవ్వకండి, ఆ ఉద్యోగం అలాంటిది.

ఊళ్లో నన్ను చూస్తే కొందరు తలుపేసుకునేవాళ్లు. కొందరు చేను గట్టు మీద నుంచే "ఎవురికీ లేదు, పో" అని కేకేసేవాళ్లు. చివరి ఇంట్లో ఒక అవ్వ ఉండేది. గొర్రెలు, చెనిక్కాయల సేద్యం ఉన్న కుటుంబం. కొడుకు మంద వెంట పోయి ఏ పొద్దుకో తిరిగొచ్చేవాడు. నా సైకిలు బెల్లు వినగానే అవ్వ మొదలుపెట్టేది.

"వచ్చినాడమ్మా నెత్తురు తాగేటోడు! యాలరా అబ్బోడా, దోమలు సాలవనా నువ్వు గూడా వస్తాండావు?"

ఆ అవ్వకు ఒక్కనాడూ జ్వరం రాలేదు. ఆమె కోడలికి మాత్రం నేను వెళ్లిన ప్రతిసారీ ఉండేది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయేమో. చంకన మూడేళ్ల కూతుర్నేసుకుని, చేతిలో మజ్జిగ చెంబుతో బయటికొచ్చేది. నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేది.

"నాకే ఉండాదప్పా. బిడ్డకు లేదు."

అడగకుండానే వేలు చాచేది. థర్మామీటరు పెడితే నూరొకటి, నూరొకటిన్నర. సూది గుచ్చితే కళ్లు కూడా ఆర్పేది కాదు. చేదు బిళ్లలు నాలుగూ ఒక్క గుక్కలో మింగేది. నన్ను ఇంత మర్యాదగా చూసే ఇల్లు ఆ బీటంతటిలో మరొకటి లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఇల్లంటే నాకు సంతోషం. ఊరంతా తలుపులేసుకున్నా ఒక స్లైడు గ్యారంటీ.

ఆరుసార్లు వెళ్లాను. ఆరు స్లైడులు పంపాను. ఆరింటిలోనూ మలేరియా లేదని వచ్చింది.

మా ల్యాబు టెక్నీషియన్ కుప్పం మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఒక వాక్యంలో మూడు భాషలు కలిపి మాట్లాడేవాడు, మూడింటిలోనూ వెటకారమే. మైక్రోస్కోపు మీద వంగితే పక్కన పిడుగు పడినా తలెత్తడు. అలాంటి మనిషి మీద నేను మీటింగులో, ఇన్‌స్పెక్టరు ముందర నోరు జారాను. "జ్వరం నేను కళ్లారా చూస్తున్నాను సార్. స్లైడులో లేదంటున్నారు. చూసేవాళ్లు సరిగ్గా చూస్తున్నారో లేదో" అన్నాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో మన కళ్లే కళ్లు.

ఆయనకు మెమో వచ్చింది. స్లైడులు పై ల్యాబుకు వెళ్లాయి. అక్కడా లేదనే వచ్చింది. మెమో అయితే వెనక్కి పోలేదు. నెలరోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఒకనాడు మాత్రం వరండాలో ఎదురుపడి, "నా కండ్లు పోయినాయేమోనని నేనూ మూడు దినాలు భయపడితినప్పా. నువ్వు యానాడన్నా నీ బుర్ర గురించి అట్ట భయపడినావా?" అనేసి పోయాడు.

అది మలేరియా కాకపోతే మరేమిటి? మా ప్రాంతంలో ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండేది: మదనపల్లె. అక్కడ క్షయకు పెద్ద ఆసుపత్రి ఉండడం వల్ల, విడవని జ్వరమంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆ దారే గుర్తొచ్చేది. మా డాక్టరుగారు, "మనిషి చిక్కిపోయిందంటున్నావు. ఒకసారి ఎక్స్‌రే తీయించడం మంచిది. ఉత్తరం రాసిస్తాను" అన్నారు. ఆయన చెప్పింది సబబే. తప్పంతా నేను ఆ మాటను మోసుకుపోయిన తీరులో ఉంది.

ఇంటి ముందు సైకిలు మీదే కూర్చుని, ఒక కాలు తిన్నె మీద ఆనించి, అవ్వతో గట్టిగా చెప్పాను. "మీ కోడల్ని మదనపల్లెకు తీసుకుపోవాలవ్వా, గుండెకాయ దగ్గర ఫొటో తీయాలి." పక్కింటి వాళ్లు విన్నారు. నీళ్లకు పోతున్న ఇద్దరాడవాళ్లు బిందెలతో సహా నిలబడిపోయారు.

మళ్లీ పదిహేను రోజులకు వెళ్లేసరికి ఆ ఇల్లు మారిపోయింది. కోడలు గొర్రెల దొడ్డి పక్కన, చాప మీద వేరుగా కూర్చుంది. ఆమె కంచం, గ్లాసు తిన్నె చివర బోర్లించి ఉన్నాయి. పిల్ల అవ్వ ఒళ్లో ఉంది. అమ్మ వైపు చేతులు చాచి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఇంక శబ్దం రాకుండా ఏడుస్తోంది.

"పరీచ్చ అయ్యేదాకా బిడ్డను ముట్టొద్దని చెప్పినాం నాయనా," అంది అవ్వ. ఆ రోజు తిట్లు లేవు. "ఇప్పుడు దినామ్మూ సాయంత్రమయితే ఒళ్లు కాల్తాండాది దానికి."

"చూశారా, ఆ జబ్బు లక్షణమే అది," అన్నాను నేను. ఎంత తెలివైనవాణ్ణో!

కోడలు నా వైపు చూసింది. మజ్జిగ లేదు. "నాకే ఉండాదప్పా," అంది. కాస్త ఆగి, "బిడ్డకు లేదు. సూడప్పా, బిడ్డకు ఏమీ లేదు" అని నన్ను బతిమాలుకుంది. ఆ మాటలో ఏదో ఉందని నాకు తట్టి ఉండాల్సింది. నేను స్లైడు తీసుకుని వచ్చేశాను.

ఆమెను మదనపల్లెకు తీసుకుపోవాల్సిన రోజు వచ్చింది. పొద్దున హెల్త్ సెంటరు నుంచి బయల్దేరుతుంటే టెక్నీషియన్ తెల్ల పంచె, చొక్కాతో తన సైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయనకు సెలవు.

"నేనూ వస్తాండాను. నాకు మెమో తెచ్చిపెట్టిన మారాణిని ఒకసారి కండ్లారా సూడొద్దా?"

నెల తర్వాత నాతో మాట్లాడినందుకే నాకు సంతోషమైంది. సగం దారిలో నా సైకిలుకు పంక్చరైంది. ఆయన ఆగలేదు. "నువ్వు అతికించుకోని రా" అని ముందు వెళ్లిపోయాడు. నేను ఆ ఊరు చేరేసరికి గంట పైనే ఆలస్యమైంది. ఆ పంక్చరే లేకపోతే ఆ కోడలి బతుకు ఎటు పోయేదో!

నేను బెల్లు కొట్టుకుంటూ వెళ్లేసరికి ఆయన తిన్నె మీద బాసింపట్టు వేసుకుని, అవ్వతో గొర్రెలకొచ్చే గాలికుంటు జబ్బు గురించి మాట్లాడుతున్నాడు. కోడలు దొడ్డి పక్కన చెనిక్కాయలు వలుస్తోంది. నేను అలవాటు కొద్దీ సంచి దించి, అలవాటు కొద్దీ అడిగాను.

"నాకే ఉండాదప్పా, బిడ్డకు లేదు."

టెక్నీషియన్ తల తిప్పి చూశాడు. "ఇప్పుడే ల్యాకపోయె గదమ్మా?" అన్నాడు.

నేను రాకముందు, ఆమెతో మాటలు కలిపి, ఆయన తన థర్మామీటరు చంకలో పెట్టి చూశాడట. తొంభై ఎనిమిదిన్నర. సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నది నాకు చూపించాడు. నేను నా థర్మామీటరు విదిలించబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "తొందరపడొద్దు. నువ్వు నీ పని చేసుకో, గోడ మీద రాసుకో, ఉత్తరం తియ్యి. రోజూ ఏం జేస్తావో అదే జెయ్యి. నేను సూస్తాండాను."

నేను గళ్లలో తేదీ వేశాను. సంతకం పెట్టాను. ఆయన నన్ను చూడడం లేదు, ఆమెను చూస్తున్నాడు. ఆమె చేతిలో కాయ చిట్లడం లేదు. అరగంట తర్వాత ఆయనే వెళ్లి, అదే థర్మామీటరు, అదే చంకలో పెట్టాడు. తీసి వెలుగులో తిప్పి చూసి, నా చేతికిచ్చాడు.

నూరొకటి మీద నాలుగు గీతలు.

అరగంటలో. చెట్టు నీడలో కూర్చున్న మనిషికి. నా కళ్ల ముందు. నేను ఎన్ని వేల జ్వరాలు చూశానో! దోమ నుంచి వచ్చినవి, నీళ్ల నుంచి వచ్చినవి, చీము నుంచి వచ్చినవి. ఇది మాత్రం నేను సైకిలు దిగితే వచ్చింది. మిగతా రోజుల్లో, నేను ఊరంతా తిరిగి ఆ చివరి ఇంటికి చేరేలోపే నా బెల్లు విని వచ్చి ఉండాలి. పాదరసం అబద్ధమాడదు కదా. ఆ గాజు పుల్ల పట్టుకుని గుడిలో నిలబడ్డవాడిలా నిలబడిపోయాను.

"దోమ నీ సంచిలో ఉండాదప్పా," అన్నాడు ఆయన మెల్లగా.

నా సంచి, సైకిలు దొడ్డి వెనక పెట్టించాడు. ఖాకీ చొక్కా కూడా విప్పించాడు. బనీనుతో, ఉత్తరం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఆమెను అడిగాడు.

"ఈయప్పను సూస్తే నీకు భయమా తల్లీ?"

"యాలప్పా భయం? మంచోడే గదా."

ఆమె దాయడం లేదు. ఆమెకు నిజంగా తెలియదు.

"మరి ఆ గోడను సూస్తే?"

ఆమె చేతిలో కాయను కింద పెట్టింది. తర్వాత చెప్పింది. ఆమెది పెద్దపంజాణి పక్క పల్లె. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒక ఖాకీ చొక్కా ఆయన సంచితో వచ్చి, ఇంటి ముందు నిలబడి అడిగాడట, ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అని. పెద్దవాళ్లు చేలో ఉన్నారు. ఇంట్లో ఉన్నది ఈ పిల్ల ఒక్కతే.

"మాయమ్మకుండాది అని నేనే జెప్తిని. లోపల పండుకోనుండాదని చెయ్యి జూపిస్తిని. ఆయప్ప పోయి సూసి, అమ్మవారు పోసిందని గోడ మీద జాజుతో ఏందో రాసినాడు. సాయంత్రానికి బండి కట్టినారు. ఊరి బయట గుడిసెలో పెట్టినారు మాయమ్మను. నన్ను పోనీలేదు." చెనిక్కాయ పొట్టును నేల మీద అటూ ఇటూ తోసింది. "మళ్లా రాలేదు."

ఆ ఖాకీ ఆయన తప్పేమీ లేదు. ఆయన తన పని చేశాడు, ఊరిని కాపాడాడు. ఇన్నాళ్లూ నేనూ నా పని చేశాను. కానీ ఆ ప్రశ్నకు ఏడేళ్ల వయసులో ఒకసారి జవాబు చెప్పి తల్లిని పోగొట్టుకున్న మనిషి గడప ముందు, పదిహేను రోజులకొకసారి నిలబడి నేను అదే ప్రశ్న అడిగాను. ఈసారి ఇంట్లో ఉన్నది తన బిడ్డ. ఆ ఒళ్లు ఏం చేసింది? మనసును అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, తానే ముందుకొచ్చింది. జ్వరం కావాలా, ఇదిగో నాకుంది, నన్ను రాసుకో, నన్ను తీసుకుపో అంది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఆమె ప్రతిసారీ నోటితో చెప్పింది కూడా అదే. నేను వినలేదు.

అవ్వ అంతా వింటూ ఉంది. కోడలు కాపురానికి వచ్చిన ఆరేళ్లలో ఈ సంగతి ఆమెకూ తెలియదు. లేచింది. చంకలో పిల్లను తెచ్చి కోడలి ఒళ్లో కూర్చోబెట్టేసింది. "పట్టుకోవే నీ బిడ్డను! ఇంత దుక్కాన్ని కడుపులో పెట్టుకోని నాకు ఒక మాట జెప్పకూడదా? నేనేం మొద్దునా రాయినా?" అని తిడుతూ తిడుతూ ఏడ్చింది. తిన్నె మీద బోర్లించిన గ్లాసు తీసుకుపోయి లోపల మిగతా వాటిలో కలిపేసింది.

పిల్ల తల్లి మెడను పట్టుకున్న తీరు చూడలేక నేను దొడ్డి వెనక్కి వెళ్లి, నా సైకిలును ఊరికే తుడుస్తూ నిలబడ్డాను.

ఎక్స్‌రే మానలేదు. "అనుమానం పోవాలంటే అదే దారి" అని టెక్నీషియన్ పట్టుబట్టాడు. బిడ్డను ఒళ్లో పెట్టుకునే ఆమె బస్సెక్కింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు, కళ్లెలోనూ ఏమీ లేదు. మా డాక్టరుగారు అంతా విని, ఇలాంటి జ్వరాలు ఉన్నాయని చదివాననీ, తాను చూడడం ఇదే మొదలనీ అన్నారు. జ్వరం బిళ్లలకు దిగదట, భయం దిగితే దిగుతుందట. "ఆమె నటించలేదయ్యా, అది నిజమైన జ్వరమే. దారి మాత్రం వేరు" అని నాతో రెండుసార్లు అన్నారు.

మరుసటి వారం అవ్వ దగ్గర సున్నం అడిగి ఆ గోడ మీది గళ్లు కనబడకుండా నేనే కొట్టేశాను. ఆ ఇంటికి వెళ్లినా ఖాకీ లేకుండా, రోజు చెప్పకుండా వెళ్లేవాడిని. జ్వరం మాటెత్తేవాడిని కాదు, వాన పడిందా అని అడిగేవాడిని. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆమె ఒళ్లు కాలలేదు. నాకు మాత్రం గోడ మీద గళ్లు లేవని ఇన్‌స్పెక్టరు మెమో ఇచ్చాడు. టెక్నీషియన్ దాన్ని ల్యాబులో నా చేత చదివించుకుని, "ఇప్పుడు సరిపాయె" అని నాకు టీ తెప్పించాడు.

ఎనభైలలో నేను కుప్పం బదిలీ అయ్యాను. ఆ జ్వరాన్ని అక్కడా చూశాను. పక్షవాతం వచ్చిన భర్తను రెండేళ్లుగా మోస్తూ ఒక్క మాట అనని ఇల్లాలికి వచ్చింది. పరీక్షల హాలు దాకా నవ్వుతూ నడిచిన పదో తరగతి పిల్లకు వచ్చింది. ఆ అవ్వలా నోరు చేసుకునేవాళ్లకు వచ్చినట్టు నాకు తెలియదు. ఇది నా లెక్క, డాక్టర్ల లెక్క కాదు. మీరు ముందు పరీక్షలన్నీ చేయించండి. అన్నీ అయ్యాక, ఏమీ దొరకనప్పుడు, ఆ మనిషి నటిస్తోందని మాత్రం అనకండి. ఆమె చెప్పే మాటను ఇంకోసారి వినండి.

కుప్పం నుంచి మదనపల్లెకు మీటింగుకు పోతూ ఒకసారి ఆ ఊరి దారిలో బస్సు దిగాను. ఎనిమిదేళ్లయింది. నడుస్తున్నంతసేపూ నాకు భయమే. నన్ను చూసి మళ్లీ మొదలైతే? ఆ గ్లాసు మళ్లీ తిన్నె చివరకి వచ్చి ఉంటే? చొక్కా తెల్లదే వేసుకున్నానా అని రెండుసార్లు చూసుకున్నాను. ఇంటి ముందు గోడ మీద, మునుపు గళ్లుండిన చోట, సుద్దతో ఎక్కాలు రాసి ఉన్నాయి. పొడుగ్గా ఎదిగిన ఆ పిల్ల ఏడో ఎక్కం దగ్గర తప్పు చెరుపుకుంటోంది.

తల్లి బయటికొచ్చింది. గుర్తుపట్టింది, నవ్వింది. వేల గడపల ముందు అడిగినవాణ్ణి ఆ గడప ముందు మూగవాణ్ణయ్యాను. ఆమె నా మొహం పరీక్షగా చూసి, దగ్గరికొచ్చి, చేతి వెనకభాగం నా మణికట్టుకు ఆనించింది.

"ఏందప్పా, ఒళ్లు ఇట్ట కాల్తాండాది? జ్వరమా?"

జేబులో థర్మామీటరు ఎప్పుడూ ఉండేది. పెట్టుకుని చూశాను. నూరు దాటింది.

"అవునమ్మా," అన్నాను. "నాకే ఉండాది. ఇంకెవరికీ లేదు."

ఆమె లోపలికి వెళ్లి మజ్జిగ చెంబు తెచ్చింది.